దొరకని సరుకుకు పాత ధర

నరసరావుపేట శివారులోని ఒక నూలు మిల్లులో, హాజరు, జీతాలు చూసే టైం ఆఫీసులో, ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశాను. ఇంటర్ తప్పినవాణ్ణి. చక్రవడ్డీ, సగటు, శాతం నాకు బళ్ళో వంటబట్టలేదు. పాత లెక్కల పుస్తకాలు ముందేసుకుని, తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్నాను. కాబట్టి ఇక్కడ రాసేది ఆర్థికశాస్త్రం కాదు. ధరలు పెరిగితే జీతం ఎంత పెరగాలో తేల్చే కుర్చీలో కూర్చున్నవాడికి ఏం కనిపిస్తుందో చెబుతాను. ఇప్పుడు ఆ కుర్చీలోకి డిగ్రీలతో వస్తున్న పిల్లలకు జీతాల సాఫ్ట్‌వేర్ నేర్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది వాళ్ళు నేర్పరు.

మా మిల్లులో ఒక పద్ధతి ఉండేది. మూడు నెలలకోసారి, మొదటి సోమవారం, ముగ్గురం బజారుకు వెళ్ళేవాళ్ళం. కంపెనీ తరఫున ఒకరు, యూనియన్ తరఫున ఒకరు, కలం పట్టుకుని నేను. మిల్లు పెట్టినప్పుడే ఒప్పుకున్న సరుకుల పట్టిక ఒకటి ఉంది: ఒక కార్మికుడి ఇంటికి నెలకు ఇన్ని బియ్యం, ఇంత పప్పు, ఇంత నూనె, ఇన్ని సబ్బులు. ఆ సరుకుల ధరలు రాసుకుని మొత్తం కట్టేవాళ్ళం. ఆ మొత్తం ఎంత శాతం పెరిగితే కార్మికుల కరువు భత్యం అంత శాతం పెరగాలి. దాన్ని ధరల రోజు అనేవాళ్ళం. వందల కుటుంబాల మూడు నెలల బతుకు ఆ ఒక్క పూట తిరుగుడు మీద ఆధారపడేది.

అడిగిన ధర, కొన్న ధర

నాకు పని నేర్పినవాడు పిచ్చయ్య గారు, అప్పటి టైం ఆఫీసు హెడ్డు. మొదటి ధరల రోజున నేను బజారంతా ఒక గంటలో చుట్టేసి గర్వంగా కాగితం చూపించాను.

"కందిపప్పు కొన్నావా?" అన్నాడు.

"అడిగానండీ."

"ఒరేయ్ అబ్బాయ్, అడిగితే షావుకారు చెప్పేది మర్యాద. కొంటే తీసుకునేది ధర. పోయి అరకిలో పట్రా."

అప్పటి నుంచి ప్రతి సరుకూ కొనేవాళ్ళం. కొన్నది క్యాంటీన్‌కు వెళ్ళేది. సబ్బులు, పొట్లాలు మాత్రం ముందు మా ల్యాబ్‌లో నూలు నంబరు, అంటే సన్నదనం, చూసే త్రాసు ఎక్కేవి. ఆ త్రాసు అబద్ధమాడదు. ఒకసారి బట్టల సబ్బు ధర అలాగే ఉంది, బరువు మాత్రం తగ్గింది. కంపెనీ మనిషి "ధర మారలేదుగా" అన్నాడు. పిచ్చయ్య గారు సబ్బును ఆయన చేతిలో పెట్టి, "దీంతో నిరుడు ఉతికినన్ని బట్టలు మీ ఇంట్లో ఉతికించి రండి, అట్టాగే రాద్దాం" అన్నాడు. తగ్గిన బరువుకు తగ్గట్టు ధర పెంచి రాశాం.

ఆయన పోయాక వచ్చిన మేనేజర్ చదువుకున్నవాడు, మెత్తగా మాట్లాడేవాడు. సరుకులు కొనడం దుబారా అన్నాడు. "కొట్టుకు ఫోన్ చేసి రేట్లు అడిగితే సరిపోతుంది కదండీ, టైం వేస్ట్ ఎందుకు?" అన్నాడు. త్రాసు ల్యాబ్‌లోనే ఉండిపోయింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. యూనియన్ నాయకుడు వీరయ్యకు బజారంతా నడిచే బాధ తప్పింది.

చచ్చిన సరుకులు

ఒప్పందంలో ఒక నిబంధన ఉంది. పట్టికలోని సరుకు బజారులో దొరకని పక్షంలో చివరిసారి రాసిన ధరే కొనసాగుతుంది. దాన్ని రాసినవాళ్ళు మోసగాళ్ళు కారు. తుఫాను వచ్చినప్పుడో, లారీల సమ్మె జరిగినప్పుడో వారం రోజులు ఉల్లిపాయలు దొరక్కపోతే తగాదా రాకూడదని రాసుకున్నారు.

ఉల్లిపాయలు వారానికి తిరిగి వచ్చాయి. కొన్ని సరుకులు తిరిగి రాలేదు. కిరోసిన్ డిపో మూతపడింది. పొయ్యి కట్టెల అడితి స్థలంలో ఇళ్ళు లేచాయి. లాంతరు చిమ్నీలు అమ్మే కొట్టు ఫోన్ల కొట్టయింది. బొగ్గుల పళ్ళపొడి పొట్లం పోయింది. పట్టికలో నెలకొక సినిమా కూడా ఉండేది, నేల టికెట్టు. ఆ హాలు కొట్టేసి ఫంక్షన్ హాలు కట్టారు. అయినా ప్రతి మూడు నెలలకూ ఆ పేర్ల ఎదురుగా నా చేత్తోనే "పాతదే" అని రాసేవాణ్ణి. కిరోసిన్ పాతదే. చిమ్నీ పాతదే. నేల టికెట్టు పాతదే.

బియ్యం పెరిగేది, నూనె పెరిగేది. ఈ చచ్చిన సరుకులు మాత్రం కదలకుండా కూర్చుని మొత్తం శాతాన్ని కిందికి లాగేవి. బతికున్న మనుషులకు జీతం పెరగకుండా లేని సరుకులు అడ్డం పడుతున్నాయని నేను మేనేజర్‌కు రెండుసార్లు చెప్పాను. "అగ్రిమెంట్ అగ్రిమెంటే కదండీ" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నా అనుభవంలో అన్యాయాలు ఎక్కువగా తప్పు పట్టడానికి వీల్లేని వాక్యాల్లోనే ఉంటాయి.

ఇరవై పైసలు

రమణమ్మ నూలు వడికే రింగు ఫ్రేము మీద పనిచేసేది. తెగిన పోగును ముడి తెలియకుండా అతకడంలో ఆమె తర్వాతే ఎవరైనా. భర్త సాంబయ్య కోల్డు స్టోరేజీలో మిర్చి బస్తాలు మోసే హమాలీ. వాళ్ళు ఊరి చివర రెండు సెంట్ల స్థలంలో రెండు గదులు వేసుకున్నారు. అందుకు ఒక ఇళ్ళ ఫైనాన్సు కంపెనీలో అయిదు లక్షలు తీసుకున్నారు. పదిహేనేళ్ళ అప్పు, నెలకు అయిదు వేల మూడు వందల డెబ్భై మూడు. సాంబయ్య పని మిర్చి సీజన్‌తో వచ్చి సీజన్‌తో పోతుంది కాబట్టి కంతు కట్టేది ఆమె జీతమే.

రెండేళ్ళు తప్పకుండా కట్టింది. ఆ తర్వాత దేశమంతా ధరలు పెరిగాయని వడ్డీలు పెంచడం మొదలైంది. ఒక మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు ఆమె టైం ఆఫీసు కిటికీ దగ్గరికొచ్చి ఫోను చాపింది.

"అన్నయ్యా, లోనోళ్ళు మెసేజి పెట్టారు. అంతా ఇంగ్లీషు. ఏందో కాస్త చూడు."

"వడ్డీ పెంచారమ్మా. మొదట్లో పది శాతం, ఇప్పటికి పన్నెండున్నర అయింది."

"శాతాలు నాకెందుకు? మన లెక్కలో చెప్పు."

మన పల్నాట్లో వడ్డీని నూటికి నెలకు ఎన్ని రూపాయలని చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి పన్నెండు శాతం. ఆ లెక్క కట్టి చెప్పాను. "ఎనభై మూడు పైసలుండేది. రూపాయి నాలుగు పైసలయింది."

ఆమె నవ్వింది. "ఓస్, ఇరవై పైసలేగా! హడలిచ్చావు. మిర్చి కొట్లోళ్ళు రెండ్రూపాయలకి తక్కువ ఇయ్యరు. వీళ్ళు చానా నయం. నెలనెలా కట్టేది మారలేదంటగా?"

"మారలేదు."

"ఇంకేంది మరి!"

వెళ్ళిపోతుంటే ఆగమన్నాను. అప్పు ఇంకా నాలుగు లక్షల అరవై ఎనిమిది వేలుంది. పాత వడ్డీ అయితే ఆమె కట్టే కంతులో మూడు వేల తొమ్మిది వందలు వడ్డీకి పోయి, పధ్నాలుగు వందల డెబ్భై మూడు అసలుకు చేరేది. కొత్త వడ్డీతో నాలుగు వేల ఎనిమిది వందల డెబ్భై అయిదు వడ్డీకే పోతుంది. అసలుకు మిగిలేది నాలుగు వందల తొంభై ఎనిమిది.

"కట్టేది మారలేదు రమణమ్మా. కట్టాల్సిన ఏళ్ళు మారినయ్. పదమూడేళ్ళలో తీరాల్సింది పంతొమ్మిదేళ్ళు దాటుతుంది."

ఆమె కిటికీ ఊచ పట్టుకుంది. "ఇరవై పైసలకి ఆరేళ్ళా?"

"అవును."

"నాకిప్పుడు నలభై మూడు. పదమూడేళ్ళయితే యాభై ఆరు. మిల్లులో యాభై ఎనిమిది దాకా ఉంచుతారు, తీర్చేసి పోదామనుకున్నా. అరవై రెండేళ్ళ ఆడదాన్ని రింగు ఫ్రేము కాడ ఎవురన్నా చూశారా అన్నయ్యా?"

పాత గడువులోనే తీర్చాలంటే నెలకు ఎంత ఎక్కువ కట్టాలని అడిగింది. లెక్క చేసి చెప్పాను: ఏడు వందల పది రూపాయలు. ఆమె ఆ అంకెను రెండుసార్లు పైకి అనుకుని షిఫ్టులోకి వెళ్ళిపోయింది.

ఆ ఇల్లు రమణమ్మకు ఉంటుందా పోతుందా అన్నది అప్పటి నుంచి ఏడు వందల పది రూపాయల ప్రశ్న అయింది. పాత పట్టిక ప్రకారం ఆ మూడు నెలలకు పెరిగిన భత్యం నెలకు నూట నలభై.

ఆ ఏడు వందల పది కూడబెట్టాలని ఆ నెల నుంచే ఆమె ఇంట్లో ఖర్చులు తగ్గించింది. లీటరు నూనె మానేసి పావు లీటరు ప్యాకెట్లు కొనడం మొదలుపెట్టింది. పావు లీటర్లు నాలుగింటి ధర కలిపితే లీటరు ధర కన్నా ఎక్కువవుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. చేతిలో లీటరుకు సరిపడా ఉండదు, అంతే. "గిరాకీ తగ్గింది" అని పేపర్లలో రాసేది దీన్నే. చేతిలో డబ్బు తగ్గినవాడు ఖర్చు తగ్గించుకోబోయి ఎక్కువ ధరకు కొంటాడు. ఈ సంగతి ఏ పట్టికలోనూ ఎక్కదు.

క్యాంటీన్‌లో

మరుసటి నెలలోనే ఒప్పందం కొత్తగా రాయాల్సి వచ్చింది. కొత్త పట్టిక కావాలని ఈసారి గట్టిగా అడగమని వీరయ్యను పట్టుకున్నాను. ముందు సరుకులు తేల్చుకు రమ్మన్నాడు. క్యాంటీన్‌లో టీ వేళ రింగు ఫ్రేము ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, నెలకు ఏమేం కొంటారో చెప్పమన్నాను.

"నీళ్ళ క్యాను రాయి. బోరు నీళ్ళు తాగితే పళ్ళు గార పడతన్నయ్."

"ఫోను రీచార్జీ రాయి. కూడు లేకపోయినా మా పిల్లోడు ఊరుకుంటాడు, అది లేకపోతే ఊరుకోడు."

"ఆటో చార్జీ. గ్యాసు. ట్యూషను."

వెనక నుంచి ఒకామె గొంతు లేచింది. "మా ఆయన క్వార్టరు సీసా రాయి అన్నయ్యా. దానికి మాత్రం పాత ధర దొరకదు."

అందరూ పగలబడి నవ్వారు. రమణమ్మ నవ్వలేదు. "ఇంటి అప్పు వడ్డీ రాయరా?" అంది.

దాని గురించి నేను చాలా ఆలోచించాను. వడ్డీ సరుకు కాదని మేనేజర్ అంటాడని తెలుసు. అందుకని ఇంటి అద్దె అని రాశాను. పాత పట్టికలో అదీ లేదు; పూర్వం అందరూ సొంత పూరిళ్ళలో ఉండేవాళ్ళట. ఆ అద్దెను, ఫీజులను, నీళ్ళను కలిపి, చచ్చిన సరుకులను తీసేసి లెక్క కడితే నెలకు ఎనిమిది వందల అరవై పెరగాలని తేలింది. రమణమ్మకు అవసరమైన దానికన్నా నూట యాభై ఎక్కువ.

వారం రోజులు బజారుకు తిరిగి, పిచ్చయ్య గారు నేర్పినట్టు ప్రతిదీ కొని, తూచి, రసీదులతో సహా కాగితాలు సిద్ధం చేశాను. నా ఉద్యోగంలో అంత శ్రద్ధగా చేసిన పని మరొకటి లేదు.

సంతకం

తగాదా అవుతుందనుకున్నాం. మేనేజర్ కాగితాలు ఒక్కొక్కటీ చదివాడు. రసీదులు చూశాడు. మూడు వారాల తర్వాత మమ్మల్ని పిలిచి, "మీ లిస్ట్ పర్ఫెక్ట్‌గా ఉందండీ. మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది. పర్మనెంట్ రోల్స్‌లో ఉన్నవాళ్ళందరికీ వర్తిస్తుంది" అన్నాడు. సంతకాలయ్యాయి. గేటు దగ్గర వీరయ్యకు దండ వేశారు. లడ్డూలు పంచారు. పర్మనెంట్ రోల్స్ అన్న మాట దగ్గర ఎవరూ ఆగలేదు. అప్పుడు రింగు ఫ్రేముల్లో అందరూ పర్మనెంటే.

కొత్త భత్యంతో మొదటి జీతం అందిన రోజునే రమణమ్మ ఫైనాన్సు ఆఫీసుకు వెళ్ళి, ఇకపై నెలకు ఏడు వందల పది ఎక్కువ కడతానని, పాత గడువులోనే తీరుస్తానని సంతకం పెట్టి వచ్చింది. కిటికీ దగ్గర ఒక లడ్డూ పెట్టి, "నీ లెక్క నా ఇల్లు నిలబెట్టింది అన్నయ్యా" అంది.

నాలుగు నెలలు కట్టింది.

అయిదో నెలలో గేటు దగ్గర నోటీసు అంటించారు. నూలుకు ఆర్డర్లు తగ్గాయి. జనం బట్టలు కొనడం తగ్గించారు. బ్యాంకు అప్పు మీద మిల్లు కట్టే వడ్డీ పెరిగింది. అందుచేత రింగు ఫ్రేముల పని కంట్రాక్టుకు ఇస్తున్నారు. ఇష్టమైనవాళ్ళు తమకు రావాల్సిన లెక్క తీసుకుని వెళ్ళొచ్చు, కంట్రాక్టు కింద మళ్ళీ చేరొచ్చు. రోజుకూలీ. భత్యం లేదు. పర్మనెంట్‌గా మిగిలేది ఆఫీసు స్టాఫ్, కొందరు మెకానిక్కులు.

కంట్రాక్టు వీరయ్య బావమరిదికి వచ్చింది.

నేను మేనేజర్ గదిలోకి వెళ్ళి అడిగాను. ఆయన కోప్పడలేదు, కుర్చీ చూపించాడు. "మీ లిస్ట్ తప్పని నేనెప్పుడూ అనలేదండీ. అది కరెక్ట్ కాబట్టే హెడ్ ఆఫీసుకు పంపించాను. అంత భత్యం అంతమందికి ఇవ్వలేమని వాళ్ళకు నంబర్లతో సహా అర్థమైంది" అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి, లెక్క కచ్చితంగా ఉంటే న్యాయం దానంతట అదే జరుగుతుందని ఎవరు చెప్పినా నమ్మను. మీరూ నమ్మకండి. ఏ పట్టిక చేతికొచ్చినా, అంకెలు సరిచూసే ముందు అది ఎవరికి వర్తిస్తుందో చదవండి. అంకెలు పెంచమని పోరాడితే మనుషులను తగ్గించి ఒప్పుకోవడం యజమానులకు తెలిసిన విద్య.

వడ్డీలు పెంచేవాళ్ళ మీదా నాకు గౌరవం పోయింది. ధరలు అదుపులోకి రావాలంటే ఖర్చు తగ్గాలంటారు. సరే. ఎవరి ఖర్చు? చొక్కా కొనడం మానేసినవాడు, ఆ చొక్కాకు నూలు వడికే మనిషి, ఇద్దరూ ఒకే బజారులో బతుకుతారు. నూలు మిల్లు టైం ఆఫీసులో కూర్చుంటే గిరాకీ తగ్గడమంటే ఏమిటో గేటు దగ్గర కనబడుతుంది. ఆ ఉదయం గేటు దగ్గర వందమందికి పైగా ఆడవాళ్ళు నోటీసు ముందు నిలబడి ఉన్నారు, చదవగలిగినవాళ్ళు మిగిలినవాళ్ళకు చదివి వినిపిస్తున్నారు.

రమణమ్మకు మిల్లు నుంచి వచ్చిన లెక్క, అంతకుముందు సాంబయ్య నడుం ఆపరేషన్‌కు చేసిన చేబదుళ్ళకు పోయింది. కంట్రాక్టు కింద వారానికి నాలుగు రోజుల పని దొరికేది. కంతు తగ్గించమని అడిగితే ఫైనాన్సు వాళ్ళు ఒప్పుకోలేదు. మూడు నెలలు కంతులు ఆగాక ఇంటికి మనుషులు రావడం మొదలైంది. వాళ్ళు తాళం వెయ్యకముందే అమ్ముకుంటే నాలుగు రూపాయలు మిగులుతాయని నేనే చెప్పాను. గురజాల నుంచి వచ్చిన పురుగుమందుల కొట్టాయన కొన్నాడు. అప్పు పోను మిగిలింది తక్కువే. అదే వీధిలో ఒక గది అద్దెకు తీసుకున్నారు.

నాకు మిగిలింది

ధరల రోజు ఆగలేదు. కొత్త పట్టిక ప్రకారం, నీళ్ళ క్యానుతో సహా, మిగిలిన కొద్దిమందికి లెక్క కట్టేవాళ్ళం. ఆ కొద్దిమందిలో నేనూ ఉన్నాను. రింగు ఫ్రేము ఆడవాళ్ళు చెప్పిన సరుకులతో నా భత్యం పెరుగుతూ వచ్చింది. గ్రాట్యుటీని మూల జీతం, కరువు భత్యం కలిపి లెక్కగడతారు కాబట్టి, నేను బయటికి వచ్చిన రోజున నాకు వచ్చిన మొత్తం కూడా ఆ మేరకు పెరిగింది. ఆ లెక్క నేనే వేశాను. తప్పులేదు.

మొన్న వెంకటసుబ్బయ్య గారి కిరాణా కొట్టులో రమణమ్మ కనబడింది. ధరల రోజుల్లో మేం సరుకులు కొన్న కొట్టే అది. నేను అయిదు లీటర్ల నూనె క్యాను తీసుకుంటున్నాను. ఆమె పావు లీటరు ప్యాకెట్టు అడిగింది.

"ఏం వెంకటసుబ్బయ్య గారూ, పావు లీటరుకి అంతా?" అంది.

"నేనేం చేసేదమ్మా? చిన్న ప్యాకెట్టుకి చిన్న ధర ఉండదు. ప్లాస్టిక్ కవరు ఖర్చూ దాంట్లోనే పడుద్ది."

"ఆ కవరు నువ్వే ఉంచుకో, నూనె చేతిలో పొయ్యి" అంది. ఆయన నవ్వాడు. ఆమె నా వైపు తిరిగింది.

"బాగుండావా అన్నయ్యా? రిటైరు డబ్బులేం చేశావు?"

"బ్యాంకులో వేశానమ్మా. డిపాజిట్టు."

"ఎంతిస్తన్నారు?"

"ఏడుంపావు."

"మన లెక్కలో చెప్పు."

"అరవై పైసలు."

"ముందు ఎంత ఉండేది?"

చెప్పక తప్పలేదు. "నలభై నాలుగు పైసలు. వడ్డీలు పెంచినప్పుడు పెరిగింది."

"నాకు పెరిగినప్పుడేనా?"

"అప్పుడే."

ఆమె కాసేపు వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంది. తర్వాత నవ్వుతూనే అంది. "పోనీలే. నా ఇరవై పైసలు యాడికి పోయినయ్యా అనుకున్నా. తెలిసినోళ్ళ కాడికే వచ్చినయ్."

ప్యాకెట్టు చీర కొంగులో పెట్టుకుని వెళ్ళిపోయింది. వెంకటసుబ్బయ్య గారు నా క్యాను తుడిచి బల్ల మీద పెట్టి బిల్లు రాశాడు. పెద్ద క్యాను కదా, లీటరుకు పదిహేను రూపాయలు తగ్గించాడు.